మద్దిలపాలెంలో దిగాలా, ముందుకెళ్లాలా?

విశాఖపట్నంలో రెండు రోజులు పనిబడిందంటే మనవాళ్లు ముందు చేసేది అక్కడున్న చుట్టాలకో స్నేహితులకో ఫోన్ కొట్టి ‘‘ఎక్కడ దిగితే బావుంటుంది?’’ అని అడగడం. చాలాకాలం దీనికి అందరూ ఒకే జవాబు చెప్పేవారు: ‘‘కాంప్లెక్స్ దగ్గర దిగిపోండి, చుట్టూ బోలెడు లాడ్జీలు.’’ ద్వారకా బస్ స్టేషన్‌ని ఊరంతా కాంప్లెక్స్ అనే అంటుంది. ద్వారకానగర్, డాబాగార్డెన్స్, సూర్యాబాగ్, జగదాంబ సెంటర్, రైల్వే స్టేషన్ ఎదుటి వీధులు, ఇటు దొండపర్తి. లాడ్జీలన్నీ ఈ చుట్టుపక్కలే ఉండేవి, పనులూ ఇక్కడే తెమిలేవి. కలెక్టరేట్, కోర్టు, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్), పోర్టు అన్నీ దగ్గరే.

ఇప్పుడు ఆ జవాబు సగం మందికి కూడా పనికిరావడం లేదు. కారణం ఊరి ఆకారంలోనే ఉంది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు. మధ్యలో మిగిలిన జాగాలో ఊరు పొడుగ్గా సాగింది. దక్షిణాన స్టీల్ ప్లాంటు, దువ్వాడ, గాజువాక. ఉత్తరాన మధురవాడ, ఆనందపురం, తగరపువలస. వీటన్నిటినీ కలుపుతూ పోయేది ఒక్క 16వ నంబరు జాతీయ రహదారి. హైదరాబాదులోలా ఒక దారి మూసుకుపోతే ఇంకో దారిన తిరిగి వెళ్లే వీలు ఇక్కడ తక్కువ. అందుకని గది అద్దెలో మిగిల్చుకున్న డబ్బు ఆటోలకు ఖర్చయిపోవడం విశాఖలో చాలా తేలిక. డబ్బు సంగతి అలా ఉంచితే, పొద్దున్న పూట ఎన్ఏడీ దగ్గరో హనుమంతవాక దగ్గరో పోయే గంటని ఎవరూ తిరిగివ్వరు.

మద్దిలపాలెం పేరు గట్టిగా వినబడడం మొదలైంది ఇందువల్లే. కాంప్లెక్స్‌కి 3 కిలోమీటర్లు, రైల్వే స్టేషన్‌కి సుమారు 5. పక్కనే ఆంధ్రా యూనివర్సిటీ, కృష్ణా కాలేజీ, కళాభారతి. ఆర్టీసీ డిపో ఉంది, సిటీ బస్సులు ఇక్కడి నుంచి నాలుగు వైపులా పోతాయి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి హైవే మీద వచ్చే బస్సులకు కాంప్లెక్స్ కంటే ముందు వచ్చేది మద్దిలపాలెమే. హైదరాబాద్, బెంగళూరు ప్రైవేటు బస్సుల్లో ముందుకు పోయేవి గాజువాక, ఎన్ఏడీ, గురుద్వారా దాటాక ఇక్కడా ఆగుతాయి. తెల్లారగట్ల తెలుగుతల్లి విగ్రహం దగ్గర సంచులు పట్టుకుని నిలబడ్డవాళ్లలో సగం మంది ఆలోచించేది ఒకటే, ఇక్కడే దిగిపోదామా, ఇంకాస్త ముందుకెళ్దామా అని.

అందుకు జవాబు మీ పనిలో ఉంటుంది. ఒక్కొక్కరి సంగతి విడివిడిగా చూడాలి.

ముందు పరీక్షల పిల్లలు. ఉత్తరాంధ్రలో చాలామందికి ఆన్‌లైన్ పరీక్షల సెంటర్లు విశాఖ పేరు మీదే వస్తాయి. హాల్ టికెట్ మీద ‘విశాఖపట్నం’ అని ఉన్నంత మాత్రాన అది ఊరి నడిబొడ్డున ఉన్నట్టు కాదు. చినముషిడివాడ పెందుర్తి వైపు ఉంది. విజ్ఞాన్ కాలేజీ దువ్వాడలో, అనిట్స్ తగరపువలస దగ్గర సంగివలసలో, రఘు కాలేజీ ఇంకా అవతల దాకమర్రిలో. ఒక సాయంత్రం మద్దిలపాలెంలో ఓ లాడ్జి కౌంటర్ దగ్గర పలాస నుంచి కూతురిని వెంటబెట్టుకుని వచ్చిన ఒక పెద్దాయన గది అడుగుతున్నారు. కౌంటర్‌లో కుర్రాడు ఆధార్ కార్డు అందుకోబోతూ ఆగి, ‘‘సెంటర్ ఎక్కడ పడిందండి పాపకి?’’ అన్నాడు. ‘‘దువ్వాడ దగ్గరంట బాబూ.’’ ‘‘రిపోర్టింగ్ ఎన్నింటికి?’’ ‘‘ఏడున్నర.’’ కుర్రాడు కార్డు వెనక్కిచ్చేశాడు. ‘‘అయితే ఇక్కడొద్దండి. ఇప్పుడే గాజువాక బస్సెక్కేయండి, అక్కడ రూమ్ తీసుకోండి. పొద్దున్న ఇక్కడినుంచి బయల్దేరితే పాప కంగారు పడిపోద్ది.’’ వచ్చిన బేరాన్ని వదులుకుని చెప్పిన మాట అది. పెద్దాయన దండం పెట్టి బయటికి నడిచారు. వసతి గురించి ఎన్ని సైట్లు వెతికినా దొరకని సలహా ఆ కౌంటర్‌లో దొరికింది. అదే సెంటర్ సంగివలసలోనో మధురవాడలోనో పడి ఉంటే మద్దిలపాలెం చక్కగా కుదిరేది. తగరపువలస వైపు వెళ్లే 222 బస్సు ఇటుగానే పోతుంది.

తర్వాత రోగులు, వాళ్ల వెంట వచ్చేవాళ్లు. నా దృష్టిలో విశాఖ వసతి సమస్యలో అసలు కష్టం వీళ్లదే. 1923లో మొదలైన కేజీహెచ్‌కి శ్రీకాకుళం ఉద్దానం నుంచి, పాడేరు ఏజెన్సీ నుంచి, ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల నుంచి జనం వస్తారు. కేజీహెచ్ పనైతే మహారాణిపేట, జగదాంబ చుట్టుపక్కల ఉండడమే మేలు. కానీ ఊరి వైద్యం క్రమంగా ఉత్తరానికి జరిగింది. విమ్స్, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి హనుమంతవాక దగ్గర ఉన్నాయి. హెల్త్ సిటీ పేరుతో కార్పొరేట్ ఆసుపత్రులు ఆరిలోవ, చినగదిలి వైపు వరసగా లేచాయి. ఈ రెండు కొసలకీ మధ్యన పడేది మద్దిలపాలెం. ఒక చోట చూపించుకుని, పరీక్షలు రాయించుకుని, రెండో అభిప్రాయం కోసం ఇంకో చోటికి వెళ్లాల్సిన కుటుంబానికి ఇంతకంటే అనువైన మజిలీ లేదు. హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి సంగతి వేరు. అది అగనంపూడిలో, స్టీల్ ప్లాంటు కూడా దాటాక ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లు కూర్మన్నపాలెంలోనో గాజువాకలోనో దిగాలి. కీమో చేయించుకున్న మనిషిని ఆ ట్రాఫిక్‌లో మద్దిలపాలెం దాకా తీసుకురావడం హింస.

తమిళనాడులో వెల్లూరు సీఎంసీ చుట్టూ ఉన్న వీధులు చూసినవాళ్లకి ఒక సంగతి గుర్తుంటుంది. వారాల తరబడి ఉండే రోగుల కోసం అక్కడ స్టవ్వు, గిన్నెలతో సహా చిన్న చిన్న గదులు అద్దెకిస్తారు. చిత్తూరు జిల్లావాళ్లు, బెంగాలీలు వాటిలోనే వండుకు తింటారు. పథ్యం ఉన్న మనిషికి అన్నం, చారు వండి పెట్టగలగడం మందుతో సమానం. విశాఖలో మామూలు లాడ్జీలో స్టవ్వు వెలిగించనివ్వరు. లాడ్జీవాళ్ల భయం న్యాయమైనదే. కానీ ఆసుపత్రుల చుట్టూ వంట వసతితో కట్టిన గదులు వెల్లూరులో ఉన్నట్టు ఆరిలోవలో ఎందుకు ఉండకూడదు? రాబోయే పదేళ్లలో ఇక్కడ కట్టే వసతిలో మొదటి వాటా దీనికి దక్కాలని నేను గట్టిగా అనుకుంటాను.

అరకు వెళ్లేవాళ్లకి మద్దిలపాలెం పనికిరాదు. అద్దాల పెట్టె ఉన్న కిరండూల్ రైలు పొద్దున్న 7 లోపే బయల్దేరుతుంది, స్టేషన్ దగ్గర పడుకోవడమే సుఖం. స్టీల్ ప్లాంటు షట్‌డౌన్ పనులకి, ఫార్మా పనులకి వచ్చేవాళ్లకి గాజువాక. బీచ్ చూడ్డానికే వచ్చినవాళ్లు ఆర్కే బీచ్ వైపు ఎక్కువ డబ్బిచ్చి ఉండనక్కర్లేదు. మద్దిలపాలెం నుంచి అప్పూఘర్ గానీ ఆర్కే బీచ్ గానీ ఆటోలో కాసేపే. సముద్రం కనబడే కిటికీకి అదనంగా ఇచ్చే డబ్బుతో రెండు పూటలా భోజనం అయిపోతుంది.

సింహాచలం మొక్కు మీద వచ్చేవాళ్లు మాత్రం మ్యాపు చూసి మోసపోకూడదు. బుకింగ్ యాప్‌లు దూరాన్ని గీత గీసినట్టు చూపిస్తాయి. ఈ ఊళ్లో కొండలున్నాయని ఆ గీతకి తెలియదు. మాధవధార కొండకి ఇవతల ఉంది, అప్పన్న గుడి అవతల. మ్యాపులో రెండూ పక్కపక్కనే. మెట్ల దారిన ఎక్కగలిగే ఓపిక ఉంటే దగ్గరే, బండి మీదైతే గోపాలపట్నం చుట్టి రావాలి. అలాగే ‘విశాఖపట్నం’ అని వెతికితే భీమిలి, రుషికొండ, కొమ్మాది కూడా వరసలో వచ్చి కూర్చుంటాయి. ధర చూసి సంతోషపడేముందు ఆ లాడ్జి నుంచి మీ పనిచోటికి రోడ్డు దూరం ఎంతో, పొద్దున్న 9 గంటలకి ఎంతసేపు పడుతుందో చూడాలి. రైలు టికెట్టు మీద దిగే స్టేషన్ పేరు కూడా చూసుకోవాలి. కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ మీంచే వెళ్లిపోతాయి. అర్ధరాత్రి దువ్వాడలో దిగి మద్దిలపాలెం దాకా ఆటో మాట్లాడుకుంటే, చవక గది ఇక చవక కాదు.

లెక్క ఇలా వేసుకోండి. ఒక గది రోజుకి 1,200, పనికి దూరం. ఇంకోటి 1,700, పనికి దగ్గర. దూరపు గది నుంచి ఇద్దరు రానూపోనూ ఆటోకి 500 పెడితే తేడా అక్కడికక్కడే సరి. మధ్యాహ్నం గదికొచ్చి కాసేపు నడుం వాల్చే వీలు దగ్గరి గదికే ఉంటుంది. ఆడవాళ్లకి ఈ లెక్క ఈమధ్య మారింది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద రాష్ట్రంలోని మహిళలకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. ఇద్దరు ఆడవాళ్లు కలిసి ఆసుపత్రి పని మీద వస్తే బస్సు రూటు మీదున్న లాడ్జి ఎంత దూరమైనా దారి ఖర్చు లేనట్టే. మద్దిలపాలెంలాంటి బస్సుల కూడలికి ఇది పెద్ద బలం. సందుల్లోపల ఉన్న చవక గది కంటే బస్టాపుకి నాలుగడుగుల్లో ఉన్న గదికే ఇప్పుడు విలువ.

అద్దె మీద పన్ను సంగతి కూడా తెలిసి ఉండాలి, ఇందులో ఇటీవల చాలా మార్పులొచ్చాయి. 2022 జులై 18 దాకా రోజుకి వెయ్యి రూపాయల లోపు గదికి జీఎస్టీ లేదు. ఆ రోజు నుంచి 12 శాతం వేశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 రూపాయల దాకా ఉన్న గదులన్నిటికీ 5 శాతమే. అంటే 1,000 రూపాయల గదికి 50. ఇంకా 12 శాతం అని బిల్లు వేస్తే నిలదీయండి. ఏడాది వ్యాపారం 20 లక్షలు దాటని చిన్న లాడ్జీలు జీఎస్టీలో నమోదు కానక్కర్లేదు, అలాంటి చోట పన్ను అడగడానికే వీల్లేదు. పన్ను వేసిన బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడడం ఒక్క క్షణం పని.

యాప్‌ల మీద నాకు కోపం లేదు. ఊరు తెలియని మనిషికి అవి ధైర్యం. ఫొటోలు పాతవైనా, నెల కిందట ఉండి వెళ్లినవాళ్లు రాసిన నాలుగు మాటలు నమ్మొచ్చు. కానీ ‘ఇంకొక్క గదే మిగిలింది’ అని ఎర్ర అక్షరాల్లో తొందరపెట్టడం, చివరి మెట్టులో ఏవో ఫీజులు కలపడం చూస్తూనే ఉన్నాం. ఈ రెండూ వినియోగదారుణ్ని మోసం చేసే పద్ధతులేనని 2023 నవంబర్‌లో కేంద్రం మార్గదర్శకాల్లో చేర్చింది. ఫిర్యాదుకి 1915 నంబరుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కేసు మీ సొంత జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, విశాఖకి తిరగనక్కర్లేదు. యాప్‌లో ధర చూశాక లాడ్జికే నేరుగా ఫోన్ చేసి అడగడం మంచి అలవాటు. చాలాసార్లు అదే ధరకో, ఇంకాస్త తక్కువకో ఇస్తారు. మధ్యలో కమీషన్ ఉండదు కదా.

ఫోన్‌లోనే అడగాల్సిన ఇంకో మాట చెక్ అవుట్ గురించి. మన లాడ్జీలకి పాతకాలం నుంచీ 24 గంటల పద్ధతి ఉంది. పొద్దున్న 6కి దిగితే మర్నాడు 6 దాకా గది మీదే. యాప్‌ల్లోకి ఎక్కిన చోట్ల చాలావరకు మధ్యాహ్నం 12కి దిగడం, మర్నాడు 11కి ఖాళీ చేయడం. రాత్రి రైల్లో, రాత్రి బస్సులో వచ్చేవాళ్లే ఎక్కువగా ఉన్న ఊరికి రెండోది పెద్ద నష్టం. తెల్లారగట్ల 5కి దిగిన మనిషి 12 దాకా ఎక్కడుండాలి? స్నానం చేసి ఆసుపత్రికో ఆఫీసుకో వెళ్లాల్సినవాళ్లు ఒక రోజు అద్దె అదనంగా కట్టాల్సి వస్తుంది. 24 గంటల చెక్ అవుట్ ఉన్న పాతకాలపు లాడ్జి వంద రూపాయలు ఎక్కువైనా చివరికి అదే చవక.

గది చూడకుండా డబ్బు కట్టొద్దు. కుర్రాడు తాళం తీశాక లైటు కంటే ముందు బాత్రూం కొళాయి తిప్పండి. వేడినీళ్లు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా వస్తాయో అడగండి, చాలాచోట్ల పొద్దున్న కొన్ని గంటలే. తలుపు లోపలి గడియ వేసి చూడండి. దిండు గలీబు, దుప్పటి మార్చమంటే మారుస్తారు, మొహమాటపడొద్దు. మద్దిలపాలెంలో ప్రత్యేకంగా చూడాల్సింది కిటికీ. హైవే వైపు గది వెలుతురుగా బావుంటుంది గానీ లారీలు రాత్రంతా పోతూనే ఉంటాయి. వెనక వైపు గది అడిగి తీసుకుంటే నిద్ర పడుతుంది. స్టీల్ ప్లాంటు నుంచి కొమ్మాది దాకా ఈ హైవే వెంటే మెట్రో ప్రతిపాదన ఉంది. ఆ పనులు మొదలైతే ముందు వైపు గదులకి దుమ్ము, మోత తప్పవు.

గదులు దొరకని రోజులు కొన్నుంటాయి. దసరా సెలవులకి బెంగాలీలు కుటుంబాలతో దిగుతారు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అరకు సీజను. పెళ్లి ముహూర్తాలు గట్టిగా ఉన్న వారంలో లాడ్జీలకి లాడ్జీలే కల్యాణ మండపాలవాళ్లు ముందే పట్టేస్తారు. ఆషాఢ పౌర్ణమికి సింహగిరి ప్రదక్షిణ చేసే లక్షల మంది 32 కిలోమీటర్లు నడుస్తూ హనుమంతవాక, అప్పూఘర్ మీదుగానే వెళ్తారు. మద్దిలపాలెం పక్కన ఏయూ ఇంజినీరింగ్ కాలేజీ మైదానంలో 2023 మార్చిలో పెట్టుబడుల సదస్సు, 2025 నవంబర్‌లో సీఐఐ భాగస్వామ్య సదస్సు జరిగాయి. ఇలాంటి రోజుల్లో ఆ చుట్టుపక్కల రోడ్ల మీద ఆంక్షలుంటాయి, గదుల ధరలూ పైకి పోతాయి. ఆసుపత్రి అపాయింట్‌మెంట్ వారం అటూఇటూ జరుపుకునే వీలుంటే జరుపుకోవడమే మంచిది.

డబ్బున్నా గది దొరకనివాళ్లు కొందరున్నారు. ఒంటరిగా వచ్చినవాళ్లకి చాలా లాడ్జీలు గది ఇవ్వవు. లోపల ఏదైనా అఘాయిత్యం జరిగితే పోలీసుల చుట్టూ తిరగాలన్న భయం వాళ్లది. ఒంటరి ఆడమనిషైతే ప్రశ్నలు ఇంకా ఎక్కువ: ఏం పని మీద వచ్చారు, ఎవరొస్తారు, ఇంట్లో తెలుసా. ఇంటర్వ్యూకి వచ్చిన అమ్మాయి రాత్రి 9కి కౌంటర్ ముందు నిలబడి ఈ జవాబులన్నీ చెప్పాల్సి రావడం సిగ్గుచేటు. గుర్తింపు కార్డు చూపించి డబ్బు కట్టే మనిషికి గది నిరాకరించడానికి ఆడమనిషి కావడం కారణం కాకూడదు. కార్డు ఇవ్వాల్సిందే, కానీ ఆధార్ అయితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని ఇవ్వండి. పూర్తి నంబరు జిరాక్సు తీసి పుస్తకంలో పెట్టే అలవాటు ఎవరికీ మంచిది కాదు.

వీటన్నిటికీ కొంత ఊరట 2025 జులైలో విశాఖ రైల్వే స్టేషన్‌లోనే వచ్చింది. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం దగ్గర క్యాప్సూల్ హోటల్ తెరిచారు. మొత్తం 88 పడకలు. అందులో 73 ఒక్కరికి, 15 ఇద్దరికి. ఆడవాళ్లకి విడిగా ఒక హాలు. మొదలుపెట్టినప్పుడు చెప్పిన ధర ఒక్కరికి 3 గంటల దాకా 200 రూపాయలు, 24 గంటలకి 400. మనిషి పట్టేంత గూటిలో పడక పెట్టడం 1979లో జపాన్‌లోని ఒసాకాలో మొదలైంది. అక్కడ ఆఖరి రైలు తప్పిపోయిన ఉద్యోగులకి పనికొచ్చింది, ఇక్కడ తెల్లారగట్ల రైలు దిగి స్నానం చేసి పనికి వెళ్లాల్సినవాళ్లకి పనికొస్తోంది. ఒంటరిగా వచ్చావేమని ఎవరూ అడగరు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇది మనకి కొత్త ఆలోచనేం కాదు. బాటసారికి ఊరే పడక చూపించడం తెలుగువాళ్లకి పాత అలవాటు. రాజమహేంద్రవరంలో నాళం వారి సత్రం, కాశీలో ఆంధ్రాశ్రమం, విశాఖలోనే పూర్ణా మార్కెట్ దగ్గర బ్రిటిష్ కాలపు కలెక్టర్ పేరు మీద వెలసిన టర్నర్ సత్రం. సత్రాలు కట్టినవాళ్లు చోటు చూసుకుని కట్టారు: రేవు దగ్గర, సంత దగ్గర, గుడి దగ్గర. ఆ తెలివిని తిరుపతి నిలబెట్టుకుంది. టీటీడీ కట్టిన శ్రీనివాసం బస్టాండు దగ్గర, విష్ణునివాసం రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్నాయి. భక్తుడు దిగిన చోటే తక్కువ ధరకి గది. విశాఖకి జబ్బు పని మీద, పరీక్ష పని మీద వచ్చేవాళ్లు చాలామంది. వాళ్ల కోసం అలాంటి ఇళ్లు చాలినన్ని లేవు. పర్యాటక శాఖ వసతి గృహాలు నడుపుతోంది గానీ అవి విహారానికి వచ్చినవాళ్ల కోసం కట్టినవి.

విమానాశ్రయం రేపు భోగాపురం వైపు పోతుంది. గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చాక ఆనందపురం వైపు భూములకీ గదులకీ గిరాకీ పెరుగుతోంది. హైవే మీద లేచే కొత్త హోటళ్లు కంపెనీల ఖర్చు మీద వచ్చే అతిథుల్ని చూసుకునే లేస్తాయి, అది వ్యాపారం. అలా వదిలేస్తే మద్దిలపాలెంలో ఇప్పుడున్న సాదా లాడ్జీలు కూడా ఒక్కొక్కటీ రంగులు మార్చి ధర పెంచుకుంటాయి.

రైల్వే తన ప్లాట్‌ఫారం మీద చేసిన పని ఆర్టీసీ తన డిపోలో చేయగలదు. మద్దిలపాలెంలో స్థలం సంస్థదే, దిగేవాళ్లు దాని బస్సుల్లోంచి దిగేవాళ్లే. బస్టాండు మీద రెండు అంతస్తులు వేసి, 100 పడకలు, తాళం వేసుకునే అరలు, ఆడవాళ్లకి వేరే అంతస్తు, రాత్రంతా మనిషి ఉండే కౌంటర్ పెట్టాలి. అద్దె రోజుకి కాకుండా గంటల లెక్కన తీసుకోవాలి. పరీక్షల రోజుల్లో హాల్ టికెట్ చూపించినవాళ్లకి, మిగతా రోజుల్లో ఆసుపత్రి చీటీ ఉన్నవాళ్లకి ముందు ఇవ్వాలి. ఒక మూల నాలుగు స్టవ్వులతో వంటగది ఉంటే ఒడిశా నుంచి వచ్చిన కుటుంబం గంజి కాచుకుంటుంది. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) నడిపే రాత్రి ఆశ్రయాలు ఇళ్లు లేనివాళ్ల కోసం, వాటిని కదపకూడదు. ఇది ఇల్లుండీ రెండు రోజులు ఊళ్లో చిక్కుబడ్డవాళ్ల కోసం. డిపోలో పాత కట్టడాలు ఎప్పుడు పడగొట్టి కొత్తవి కట్టినా, కింద దుకాణాలకి ఎన్ని గదులో లెక్కపెట్టే ముందు పైన పడకలు ఎన్నో రాసుకోవాలి.